కదలని మనిషికి వెలుగు

మేనకోడలు అతన్ని పిల్లి మామయ్య అంటుంది. వాళ్ళమ్మ పెట్టిన ‘కాలుగాలిన పిల్లి’ అనే పేరులో మిగిలింది అంతే. అతనికి ఎలక్ట్రీషియన్ పని అబ్బింది కూడా అందుకే. నిచ్చెన ఎక్కడం, దిగడం, వైరు లాగడం, మళ్ళీ ఎక్కడం. టీ కూడా నడుస్తూనే తాగుతాడు.

అక్క కట్టుకున్న కొత్త ఇంట్లో దీపాలన్నీ అతనే బిగించాడు. కరెంటు ఆదా నిబంధన ప్రకారం పాత బల్బులు పనికిరావు. చిన్న గదుల్లో మనిషి లేకపోతే దీపం దానంతటదే ఆరిపోవాలి. ఆ రోజు మధ్యాహ్నం తనిఖీ అధికారి వచ్చి సంతకం పెడితేనే ఇంట్లో చేరనిస్తారు. అద్దె ఇంటి తాళం మర్నాడే ఇచ్చేయాలి.

బావ గడియారాలు బాగుచేస్తాడు. ఆగలేక పనిబల్ల వారం ముందే తెచ్చి కిటికీ లేని చిన్న గదిలో వేసుకున్నాడు. కూర్చున్నాడంటే రాయి, కదిలేవి వేళ్ళ కొసలే. ఆ ఉదయం కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చాడు.

“బామ్మర్దీ, నేను బతికే ఉన్నానా?”

“అదేం మాట బావా?”

“నీ దీపం ఒప్పుకోవట్లేదు. ఐదు నిమిషాలకోసారి నన్ను పైకి పంపించేస్తోంది. చీకట్లో స్ప్రింగు ఎగిరి ఎటు పోయిందో. పీకి పారెయ్.”

అతను తెల్లబోయాడు. కదలికను పసిగట్టే సెన్సర్ నిన్ననే బిగించి గంటసేపు లోపలే ఉండి చూశాడు. ఒక్కసారీ ఆరలేదు. ఆ గంటలో తను కదలకుండా ఉన్నదెప్పుడు?

“పీకితే సంతకం అవదు బావా. వేలు కదిలినా పసిగట్టేలా చేస్తా.”

సెన్సర్‌ను బల్లవైపు తిప్పి, మీట చివరికంటా పెంచాడు. బావ కూర్చున్నాడు. గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతున్న తమ్ముణ్ణి అక్క కసిరింది.

“నువ్వక్కడ గిరగిరా తిరుగుతుంటే అదెలా ఆరుతుందిరా? అవతలికి పో.”

పెరట్లోకి పోయి తిరిగాడు. పది నిమిషాలైనా దీపం ఆరలేదని అక్క కేకేసింది. హమ్మయ్య అనుకున్నాడు.

అధికారి వచ్చి అందరినీ బయటికి పంపి, తలుపు సందులోంచి చూశాడు. ఐదు నిమిషాలు. ఏడు. వెలుగుతూనే ఉంది.

“లోపల ఎవరున్నారు?”

బామ్మర్ది గబగబా వెళ్ళి తొంగి చూశాడు. బల్ల పైన గోడగడియారం, దాని లోలకం తాపీగా ఊగుతోంది.

“అదేనండి. సెన్సర్‌కి మనిషో లోలకమో తెలీదు.”

“నాకూ రూలు తప్ప ఏమీ తెలీదు. దీపం ఆరాలి.”

“ఆపెయ్ బావా.”

“ఆరు రోజులుగా టైము సరిచూస్తున్నా. రేపటితో వారం. ఆపితే మళ్ళీ మొదటికొస్తుంది.”

“రేపు దాన్ని చంకలో పెట్టుకుని రోడ్డు మీద నిలబడదామా?” అంది అక్క.

బావ లోపలికెళ్ళి లోలకాన్ని రెండు వేళ్ళతో పట్టి ఆపాడు. ఐదు నిమిషాలకు గది చీకటైంది. అధికారి సంతకం పెట్టి వెళ్ళిపోయాడు.

గడియారాన్ని హాల్లోకి మార్చారు. బావ దాన్ని మళ్ళీ కదిలించి, బామ్మర్ది కాళ్ళవైపు చూశాడు.

“నీ అడుగులకి గోడ అదురుతోంది. ఈ వారం ఈ గడప తొక్కకు.”

“అలాగే. రేపు సామాను ఎవరు మోస్తారు మరి?”

బావ చేయి చాపి లోలకాన్ని మళ్ళీ ఆపాడు.