ఖఫ్జీకి చేరని బండి

మస్తాన్ వలీ ప్రొద్దుటూరు మనిషి. సౌదీలోని అల్ ఖోబర్‌లో ఏసీలు, నీళ్ల పైపులు, మోటార్లు బాగుచేసే ఒక కంపెనీలో పాతకాపు. నేనూ అటువైపు వాడినే. ఇంజనీరింగు మధ్యలో వదిలేసి, ఇంట్లో మొహాలు చూడలేక వచ్చి అదే కంపెనీలో వ్యాను నడుపుతున్నాను. మా ఇద్దరిదీ ఒకే గది. ఆయన గురించి రాయాలంటే ఆయన బండి గురించి రాయాలి. బండి గురించి రాయాలంటే ఆయన తమ్ముడి చావు దగ్గర మొదలుపెట్టాలి. ఇందులో నవ్వుకునేది పెద్దగా లేదు. ముందే చెబుతున్నాను.

తమ్ముడి పేరు తబ్రేజ్. కువైట్ సరిహద్దులో ఉన్న ఖఫ్జీలో, చమురు బావులకు సామాను పంపే ఒక యార్డులో పనిచేసేవాడు. అక్కడ ఉండే ఇటలీ ఇంజనీరు ఒకాయన దేశం వదిలి పోతూ తన పాత మోటారుసైకిలును వీడికి ఇచ్చిపోయాడు. కాగితాలు కూడా వీడి పేరు మీదికి మార్పించి మరీ ఇచ్చాడట. మన ఊళ్లలో తిరిగే బండ్లలా ఉండదది. ఇంజను అడ్డంగా ఉంటుంది. రెండు సిలిండర్లు ట్యాంకు కింద నుంచి చెరోపక్కకి మోచేతుల్లా పొడుచుకొస్తాయి. స్టార్టు చేస్తే బండి మొత్తం ఒక పక్కకి ఊగుతుంది. తబ్రేజ్ రోజూ దాన్ని తుడవడం, ఫొటో తీసి అన్నకు పంపడం. ఒకసారి నిన్ను వెనక కూర్చోబెట్టుకుని సముద్రం ఒడ్డున తిప్పుతానని అనేవాడట.

అంతలో కరోనా వచ్చింది. ఖఫ్జీ ఆసుపత్రిలో తబ్రేజ్ పోయాడు. పొద్దున్నే బయలుదేరితే ఎండ ముదిరేలోపు చేరే ఊరు అది. కానీ ఆ రోజుల్లో ఊరి పొలిమేర దాటనివ్వలేదు. తమ్ముణ్ణి మట్టిలో పెట్టడం గురించి మస్తాన్ వలీ గదిలో మంచం మీద కూర్చుని ఫోన్లో విన్నాడు. మట్టి వేసిన నలుగురిలో తబ్రేజ్‌ని ఎరిగినవాడు ఒక్కడే. అతని పేరు అల్తాఫ్, హైదరాబాదు డ్రైవరు, తబ్రేజ్ గదిలోనే ఉండేవాడు.

ఇక్కడి ఖబరస్తాన్‌లలో పేర్లు ఉండవు. సమాధి కట్టరు, రాత చెక్కరు. మట్టి కాస్త ఎత్తుగా ఉంటుంది, తలవైపు ఒక రాయి. రాజైనా కూలివాడైనా అంతే. అది ఇక్కడి పద్ధతి, తప్పుపట్టే పని లేదు. కాకపోతే ఎవరు ఎక్కడ ఉన్నారో చెప్పగలిగేది, పెట్టినవాడి కళ్లు మాత్రమే. అంటే తబ్రేజ్ ఎక్కడున్నాడో తెలిసిన మనిషి ఈ దేశం మొత్తానికి అల్తాఫ్ ఒక్కడే.

దారులు తెరిచాక కంపెనీవాళ్లు తబ్రేజ్ పెట్టెనూ, బండినీ లారీలో ఖోబర్ పంపారు. ప్రొద్దుటూరులో తబ్రేజ్ భార్య అయేషా ఒక్కటే అడిగింది. ఆయన ఉన్న చోటు చూపించమంది. ఒక్క ఫొటో చాలంది. మస్తాన్ వలీ పోతానని మాటిచ్చాడు. వాడి బండి మీదే పోతానన్నాడు.

ఆ మాట ఇచ్చి ఏళ్లు గడిచాయి.

లారీలో వచ్చినప్పుడే బండి చచ్చిపోయి ఉంది. మేముండే క్యాంపు వెనక, పాత ఏసీలు పడేసే రేకుల షెడ్డు కింద పెట్టి, శుక్రవారం శుక్రవారం దాని ముందు కూర్చునేవాడు. ఆయనకు బండ్ల పని రాదు. ఫోన్లో ఒక గడ్డం ముసలాయన వీడియోలు పెట్టుకునేవాడు. ఆ ముసలాయన మాట్లాడే భాష ఏదో మాకిద్దరికీ తెలీదు. చేతులు చూసి నేర్చుకోవడమే. స్టార్టరు బటను నొక్కితే టక్కుమనేది తప్ప ఇంజను తిరిగేది కాదు. బ్యాటరీ మార్చాడు. మళ్లీ టక్కు. స్టార్టరు మోటారు విప్పి శుభ్రం చేశాడు. మళ్లీ టక్కు. చివరికి, వైర్లు పాతబడి మోటారు దాకా కరెంటు సరిగా చేరడంలేదని కనిపెట్టి, పాత ఏసీలోంచి పీకిన రిలే స్విచ్చు ఒకటి మధ్యలో బిగించాడు. ఇంజను తిరిగింది. ఆ రోజు మా గదిలో మటన్ వండాడు.

తర్వాత ఇంకోటి. నూనె కారడం. అది ఆగితే బ్రేకు పట్టేయడం. అది వదిలితే వాల్వుల చప్పుడు. ఒకటి బాగైన వారం ఇంకొకటి దొరికేది. పక్కనే ఉన్న దమ్మాంలో ఇలాంటి బండ్లు చూసే మెకానిక్కులు ఉన్నారు. చూపించమన్నాను. వద్దన్నాడు. కొన్నాళ్లకు నాకు ఒళ్లు మండింది. బస్సు ఉంది, టాక్సీ ఉంది, కంపెనీని అడిగితే ఒక రోజుకు నా వ్యానే ఇస్తారు.

"అన్నా, బండి కాదు బాగుకానిది. నీకు పోవాలని ల్యా" అన్నాను.

చేతిలో స్పానరు దించకుండానే ఒప్పుకున్నాడు. "లేదురా. పోతే వాడు ఆడ ఉన్నట్టే గదా. ఈడ కూచుంటే, ఇంగా యాడనో తిరుగుతాండాడులే అనిపిస్తాది."

ఆ తర్వాత ఆ విషయం నేను ఎత్తలేదు.

పోయిన చలికాలం అల్తాఫ్ ఫోన్ చేశాడు. కంపెనీ అతన్ని ఫైనల్ ఎగ్జిట్ మీద పంపేస్తోంది. మళ్లీ వచ్చేది లేదు. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజు అవగానే కంపెనీ బండి ఖఫ్జీ నుంచి దమ్మాం ఎయిర్‌పోర్టుకు తీసుకుపోతుంది. రావాలంటే ఆ పొద్దున రావాలన్నాడు. ఫోన్లో గుర్తులు చెప్పమని నేను అడిగాను. ఏం గుర్తులు చెప్పను, అన్నీ రాళ్లే కదా, అక్కడ నిలబడితే నా కాళ్లే తీసుకుపోతాయి అన్నాడు.

మస్తాన్ వలీ మొహం చూస్తే ఈసారి పోతాడని తెలిసింది. ఈ ఒక్కసారికి వ్యాను అడుగుదామన్నాను. ఇన్నేళ్లు బండి పేరు చెప్పి పోలేదు, ఇప్పుడు బండి లేకుండా పోతే తమ్ముడికి ఏం చెప్పుకోవాలన్నాడు. చచ్చినవాడికి చెప్పుకునేదేముందని నా నోటిదాకా వచ్చింది. మింగాను.

గురువారం సాయంత్రం చూస్తే ట్యాంకు కింద పెట్రోలు ట్యాపు దగ్గర చుక్క చుక్క కారుతోంది. మర అరిగిపోయింది. కొత్తది ఇటలీ నుంచి రావాలి. మస్తాన్ వలీ లేచి పనిసంచి తెచ్చాడు. నీళ్ల పైపుల జాయింట్లకు చుట్టే తెల్ల టేపు తీశాడు. ట్యాపు విప్పి, మరకు ఆ టేపు చుట్టలు చుట్టలుగా చుట్టి, గట్టిగా బిగించాడు. కారడం ఆగింది. వేలు పెట్టి చూసి, వాసన చూసి, నాకు చూపించాడు.

"పెట్రోలుకు ఇది పనికొస్తాదా?" అన్నాను.

"ఈ ఊర్లో సగం పైపులకు నేను చుట్టిందే. ఒక్కటన్నా కారిందా?"

అదే మేము చేసిన తప్పు. పైపుల మనిషికి తప్ప ఇంకెవరికీ తోచని తప్పు.

శుక్రవారం తెల్లారగానే బయలుదేరాం. ఆయన నడిపాడు, నేను వెనక. చలిగాలికి కళ్లలో నీళ్లు. బండి మాత్రం బాగా పోయింది. ఇంతకాలం తిట్టుకున్నవాణ్ణి, ఆ శబ్దం వింటుంటే నాకే బాగుంది. దారిలో వచ్చే జుబైల్ ఊరు దాటేదాకా ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

జుబైల్ దాటిన కాసేపటికి కుడి సిలిండరు తడబడింది. సైలెన్సరులో టపటపమని పేలింది. ఇంకొంచెం దూరం ఒక సిలిండరు మీదే ఈడ్చుకుంటూ పోయి, అదీ ఆగిపోయింది. రెండు పక్కలా ఇసుక, పైన కరెంటు తీగలు.

ఆయన ముందు తన వైర్ల మీదే అనుమానపడ్డాడు. ఇన్నేళ్లు ఏడిపించింది కరెంటే కదా. రిలే విప్పాడు, ఫ్యూజులు చూశాడు, ఎర్తు వైరు గీకాడు. చివరికి ప్లగ్గు తీసి ఇంజనుకు ఆనించి తిప్పితే నిప్పు బాగానే వచ్చింది, తప్పు కరెంటుది కాదు. అప్పటికి ఎండ నెత్తికెక్కుతోంది. అల్తాఫ్ రెండుసార్లు ఫోన్ చేశాడు. వస్తున్నామన్నాను.

కార్బరేటరు కింది గిన్నె విప్పాడు. పెట్రోల్లో తెల్లటి పోగులు తేలుతున్నాయి. మర బిగించినప్పుడు కోసుకుపోయిన టేపు ముక్కలు. ఆయన ఒక పోగు వేలిమీదికి తీసుకుని చూశాడు.  

కడిగి, ఊది, బిగించాడు. బండి స్టార్టయింది. కొంచెం దూరం పోయి మళ్లీ ఆగింది. ట్యాపులో టేపు ఇంకా మిగిలే ఉంది, పోగులు వస్తూనే ఉంటాయి. ఈసారి ఆయన ఇంకా లోపలిదాకా విప్పాడు. పెట్రోలు సన్నగా పోయే ఇత్తడి ముక్క ఒకటుంటుంది, జెట్టు అంటారు, మిరపగింజలు రెండు అంటించినంత ఉంటుంది. దాన్ని ఊడదీస్తుంటే గాలి ఒక్కసారి విసిరింది. జారి ఇసుకలో పడింది.

ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని ఇసుక జల్లించాం. గుప్పెడు తీయడం, వేళ్ల సందుల్లోంచి వదలడం. పక్కనుంచి లారీలు పోయిన ప్రతిసారీ గాలికి ఇసుక చోటు మారేది. వెతికిన చోటేదో, వెతకనిదేదో తెలియకుండా పోయింది. ఈ లోపల ఎక్కడో జుమా నమాజు వేళ కూడా దాటిపోయింది. గొర్రెలకు దాణా వేసుకుపోతున్న ఒక పఠాన్ పికప్పు ఆపి, ఖఫ్జీ దాకా వస్తారా అన్నాడు. నేను ఎక్కాను. మస్తాన్ వలీ ఇసుకలోంచి లేవలేదు. దొరుకుతాది, ఇంగొంచెం సేపు ఉండు అంటాడు.

నేను దిగివచ్చి చొక్కా పట్టుకున్నాను.

"వాడు ఈ బండిలో లేడన్నా. ఆడుండాడు. చూపించేవాడు పోతాండాడు."

అప్పుడు లేచాడు. బండిని తోసి రోడ్డు బోర్డు వెనక నిలబెట్టాం. పికప్పులో కూర్చున్నాక అల్తాఫ్ ఫోన్ వచ్చింది. బయలుదేరిపోయారట. అదే విమానానికి ఇంకా కొందరున్నారు, డ్రైవరు ఆగనన్నాడట. మధ్యలో ఇనుప కంచె ఉన్న రోడ్డు అది. ఎదురుగా వస్తున్న తెల్ల వ్యాన్లన్నిటినీ మస్తాన్ వలీ మెడ తిప్పి తిప్పి చూశాడు. వాటిలో ఒకటి అల్తాఫ్‌దే అయ్యుంటుంది.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఖబరస్తాన్ చేరాం. కాపలా ఉన్న ముసలి యెమెనీకి సంగతి చెబితే తల ఊపి లోపలికి పొమ్మన్నాడు. మస్తాన్ వలీ అల్తాఫ్‌కి వీడియో కాల్ చేసి ఫోను ముందుకు పట్టుకుని నడిచాడు. ఇద్దరూ ఉర్దూలోనే మాట్లాడుకున్నారు. గేటు నుంచి తిన్నగా పొమ్మన్నాడు అల్తాఫ్. ఎడమకు తిరగమన్నాడు. ఆ రోజు అదే ఆఖరి వరుస, దాని అవతల ఖాళీ ఇసుక ఉండేదన్నాడు. ఇప్పుడు అవతల కనుచూపు మేరా రాళ్లే. అల్తాఫ్ కూర్చున్న వ్యాను కుదుపులకు ఫోన్లో అతని మొహం ఎగురుతోంది, మాట తెగుతోంది. వెనక్కి రమ్మన్నాడు. కొంచెం పక్కకన్నాడు. ఆగమన్నాడు. అదే, అదే రాయి అన్నాడు.

మస్తాన్ వలీ అక్కడ ఆగాడు. రాయి వైపు చూడలేదు, ఫోను వైపు చూశాడు. నా మీద దయ తలచి చెబుతున్నావా, నిజంగా గుర్తుపట్టి చెబుతున్నావా అని అడిగాడు.

అల్తాఫ్ మొహం ఫోన్లోంచి పక్కకు తప్పుకుంది. ఫోను తెగిందేమో అనుకున్నాను. తర్వాత మెల్లగా అన్నాడు. ఆ చోట ఉన్న నాలుగింట్లో ఒకటి, భాయ్. ఏదని అడగొద్దు. అక్కడ నా కాళ్ల మీద నిలబడి ఉంటే చెప్పేవాణ్ణి.

నాలుగూ ఒకలాగే ఉన్నాయి. ఒక రాయి కొంచెం వంగి ఉంది, అంతే తేడా.

మస్తాన్ వలీ కాల్ కట్టేసి, ఫోను నా చేతికిచ్చి ఫొటో తియ్యమన్నాడు. నాలుగూ పడేలా తియ్యమన్నాడు. తీశాను. అయేషాకు పంపాడు. ఫోను చేతిలోనే పెట్టుకుని ఉంటుంది, వెంటనే జవాబు వచ్చింది. ఇందులో ఆయనది ఏది అని.

మస్తాన్ వలీ ఆ ఒక్క వరుసనే చదువుకుంటూ నిలబడ్డాడు. తర్వాత ఫొటో మీద వేలితో ఒక రాయి చుట్టూ ఎర్రగా గుండ్రం గీసి తిరిగి పంపాడు. ఎందుకు దాన్నే ఎంచుకున్నాడో నేను అడగలేదు. అటునుంచి ఇంకేమీ రాలేదు. ఫోను జేబులో పెట్టుకుని, గుండ్రం గీసిన రాయి దగ్గరికి మాత్రం పోలేదు. నాలుగింటికీ ఇవతల, నడిచే దారిలో నిలబడి, రెండు చేతులూ ఎత్తి తమ్ముడి కోసం ఫాతిహా చదవడం మొదలుపెట్టాడు.