మార్తమ్మ గారు పెట్టని ఐపీ

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది, కొత్త మిరపకాయలు కల్లాలకు వస్తున్న రోజుల్లో, గుంటూరు బ్రాడీపేటలోని మా ఆఫీసుకు మార్తమ్మ గారు వచ్చారు. పన్నుల కేసులు, ఐపీ కేసులు చూసే లాయర్ని నేను. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, అప్పులు తీర్చలేనని కోర్టుకు చెప్పుకోవడం. మా గుంటూరు వైపు దాని పద్ధతే వేరు. ముందు ఇల్లు బావమరిది పేరున రాసేస్తారు. తర్వాత పిటిషన్ వేసి, నోటీసులు అందేలోగా ఊరు దాటేస్తారు. అప్పిచ్చినవాళ్ళు ఇంటికి వేసిన తాళం చూసి లబోదిబోమంటారు.

మార్తమ్మ గారికి ప్రత్తిపాడు దగ్గర పల్లెలో చిన్న కారం మిల్లు ఉంది. భర్త పోయాక ఒక్కరే నడుపుతున్నారు. ఊరి రైతుల దగ్గర కాయలు అరువుకు కొని, కారం పట్టి ఒంగోలులో ఒక హోల్‌సేల్ వ్యాపారికి పంపేవారు. ఆ మహానుభావుడు ఐపీ పెట్టి మాయమయ్యాడు. చేతికి రూపాయి రాకపోయినా, బిల్లు కొట్టినందుకు జీఎస్టీ మాత్రం ఆవిడే కట్టాలి. ఇదెక్కడి న్యాయమన్నా, రూలు అంతే.

వెంట వచ్చిన మరిది తొందరపడ్డాడు. "వదిన చేత కూడా ఐపీ పెట్టించండి సార్. ఇల్లు ముందే నా పేరు మీదకి మార్చేద్దాం."

"అలా మార్చింది కోర్టు రద్దు చేస్తుందయ్యా. పైగా ఐపీ పెట్టినా జీఎస్టీ బాకీ పోదు" అన్నాను.

"మరి పోయేది ఎవరి బాకీ అండీ?" అడిగారు మార్తమ్మ గారు.

"రైతులదమ్మా."

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "ఒంగోలాయన నోటీసు వచ్చిన రోజు నాకు ముద్ద దిగలేదండి. అలాంటిదే మా ఊరోళ్ళకి నేను పంపాలా? వద్దండి. నేనే చెప్తాను."

"మీద పడతారమ్మా!" అన్నాను. నిజంగానే భయమేసి, నేనూ వస్తానన్నాను.

ఆదివారం చర్చి అయ్యాక రైతులందరినీ మిల్లు దగ్గరకు పిలిచి ఉన్నదున్నట్టు చెప్పారు. గోల మొదలైంది. అందరికంటే ఎక్కువ బాకీ రావలసిన కోటయ్య లేచి అరిచాడు. "ఏం మార్తమ్మా, చెప్తే సరిపోద్దా? నా కాయల డబ్బులేవీ?"

"లేవు కోటయ్యన్నా. ఇంటి స్థలం అమ్మి పన్ను కడతన్నా. లేకపోతే మిల్లు జప్తు చేస్తారు. మిల్లుంటే మీ కాయలు నేను పట్టిస్తా, కారం మీరే అమ్ముకోండి. పట్టిన కూలి నా బాకీలో తగ్గించుకోండి. బయటోళ్ళవి పట్టి నేను బతుకుతా. ఎక్కడికీ పోను."

కోటయ్య కాసేపు గొణిగాడు. "పారిపోయినోళ్ళని చూశాం గానీ, పిలిచి చెప్పినోళ్ళని ఇప్పుడే చూస్తన్నాం" అంటూ కూర్చున్నాడు. మర్నాడు మిల్లుకు వచ్చిన మొదటి ట్రాక్టరు అతనిదే.

బాకీలు తీరడానికి కొన్ని సీజన్లు పట్టింది. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో అంత గుండెధైర్యం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. ఐపీ తప్పని నేననను. నిజంగా మునిగిపోయినవాళ్ళకు అది అవసరం, ఇప్పటికీ వేస్తాను. అయితే సంతకం పెట్టించే ముందు ఒక్కటే అడుగుతాను, "అప్పిచ్చినవాళ్ళకి మీ నోటితో చెప్పారా?" అని. చాలామంది తల దించుకుంటారు. కొందరు మాత్రం చెప్పొస్తామని లేచి వెళ్తారు. వాళ్ళలో కొందరు అక్కడే రాజీ కుదిరి, మళ్ళీ నా ఆఫీసు మెట్లెక్కరు. ఫీజు పోయినా, అది తెలిసిన రోజు నాకు పండగే.