ఏటి అంటే ఏరు కాదు

ప్రూఫులొచ్చిన రోజు నవ్వాలో ఏడవాలో తెలియక కాలేజీ స్టాఫ్ రూములో అలాగే కూర్చుండిపోయాను. నేను ఇంగ్లిషు నుంచి తెలుగు చేసిన జపాన్ నవలలో ఒక యువకుడు గదిలో గోడకేసి చూస్తూ ఉంటాడు. స్నేహితుడొచ్చి "ఏటి సూస్తన్నావు?" అంటాడు. ప్రూఫులు దిద్దినాయన దాన్ని "ఏటిని చూస్తున్నావా?" అని మార్చాడు. మా శ్రీకాకుళంలో ఏటి అంటే ఏమిటి అని అర్థం. ఆయనకేమో ఏరు గుర్తొచ్చింది. కిటికీ కూడా లేని గదిలోకి ఏరెలా వచ్చిందన్న అనుమానమైనా రాలేదు మహానుభావుడికి! మిగతాచోట్ల మా మాటలన్నీ ఎర్రసిరాతో కొట్టేసి పుస్తకాల మాటలు పెట్టాడు. ఒళ్లు మండిపోయింది.

ఆ రచయిత పేరు ఇప్పుడు ప్రపంచమంతా తెలుసు. అందరూ మెచ్చేది ఆయన తర్వాత రాసిన లావుపాటి నవలల్ని. నాకు ఇష్టమైనవి మొట్టమొదట రాసిన సన్నపాటి రెండు నవలలు. వాటిలో కథ తడబడుతుంది, చెప్పిందే మళ్లీ చెబుతాడు, ముగింపులు కుదరవు. కానీ మనుషులు వాళ్ల రేవు ఊరి మాటే మాట్లాడతారట. ఇంగ్లిషులోకి తెచ్చినాయనే ముందుమాటలో ఒప్పుకున్నాడు, ఆ రేవు ఊరి యాస తన వల్ల కాలేదని. పెద్ద రచయిత అయ్యాక ఆయన పాత్రలన్నీ రాజధాని భాషలోకి మారిపోయాయని కూడా రాశాడు. అది చదివాకే ఈ రెండు నవలలూ ఒకే పుస్తకంగా నేనే తెలుగు చెయ్యాలని పట్టుబట్టాను.

మొదట నేనూ బుద్ధిగా పుస్తకాల తెలుగే రాశాను. కళింగపట్నంలో మా పిన్ని ఉంది. చదువు రాదు గానీ చర్చిలో వాక్యం ఎవరు తప్పు చదివినా ఇట్టే పట్టేస్తుంది. ఆవిడ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తుంటే పక్కన కూర్చుని, తల్లీ కొడుకూ పోట్లాడుకునే చోటు చదివి వినిపించాను. పిన్ని చెయ్యి ఆగిపోయింది.

"ఒసే, ఈళ్లు తల్లీ కొడుకులేనేటే?"

"ఔను పిన్నీ."

"మరి కోర్టులో సాచ్చెం సెప్పినట్టు మాటాడతన్నారేటి? ఇలాగ మాటాడితే ఆడికి కూడెవులు పెడతారు?"

రాసిందంతా పక్కన పడేశాను. మళ్లీ మొదలుపెట్టి పూర్తి చెయ్యడానికి ఏడాది పట్టింది. ఈసారి కొడుకు "ఎల్తన్నానే అమ్మా" అన్నాడు. తల్లి కోపం దిగమింగి "తినీసెల్లు" అంది. పిన్ని చేపల్ని కాకులకొదిలేసి కళ్లు తుడుచుకుంది. "ఓలమ్మో, ఆ తల్లి మనూరిదేనే!" అంది.

ఇప్పుడేమో ప్రూఫుల్లో ఆ తల్లి మళ్లీ కోర్టు మెట్లెక్కింది. వెంటనే ప్రచురణ సంస్థ ఎడిటరుగారికి ఫోన్ చేశాను. మర్యాదస్తురాలు.

"మీ కష్టం నాకు తెలుసండీ. కానీ ఆ యాస వింటే పాఠకులు నవ్వుతారు. సినిమాల్లో కామెడీకి తప్ప ఎక్కడ వాడుతున్నారు చెప్పండి? కావాలంటే పనిమనిషి పాత్రకి ఉంచుదాం. హీరోకి, తల్లికి దిద్దేద్దాం. అలా కాదంటే మాత్రం పుస్తకం వెయ్యలేమండీ."

పనిమనిషికి మాత్రమా! మూల రచయిత ఉద్దేశమండీ, ప్రాంతీయ అస్తిత్వమండీ అంటూ నాకు తెలిసిన పెద్ద పెద్ద మాటలన్నీ ఏకరువు పెట్టాను. ఆవిడ ఓపిగ్గా విని, "ఒక్కటడుగుతాను, ఏమనుకోకండి. మూడేళ్లుగా ఫోన్లో మాట్లాడుకుంటున్నాం. మీరొక్కసారి కూడా నాతో ఆ భాషలో మాట్లాడలేదేమండీ?" అంది.

నేనూ కళింగపట్నంలోనే పుట్టి పెరిగినదాన్ని. ఉద్యోగం ఇంటర్వ్యూకి ముందు అద్దంలో చూసుకుంటూ "ఏమిటండీ, ఏమిటండీ" అని సాధన చేశాను. క్లాసులో ఏ పిల్ల నోరు జారి "ఏటి మేడమ్" అన్నా అక్కడికక్కడే దిద్దాను. ప్రూఫులాయన ఒక్క పుస్తకంలో చేసింది నేను ఇరవై ఏళ్లుగా పిల్లల నోళ్లలో చేస్తున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. అయితే సిగ్గుపడి ఫోన్ పెట్టేస్తే పుస్తకం పోతుంది.

"అయితే ఇప్పుడు మాటాడతాను, ఇనండమ్మా," అన్నాను. "ఆ తల్లి మా పిన్నిలాగే మాటాడతాది. నాను కూడా ఇంట్లో అలాగే మాటాడతాను. ఇన్నాళ్లూ మీకాడ దాసీసినాను, తప్పు నాదే. ఆ మాటలు తీసీసి ఏస్తానంటే నా పుస్తకం నాకిచ్చీండి. ఎవులూ ఎయ్యకపోతే జిరాక్సులు తీయించి నానే పంచుకుంటాను."

స్టాఫ్ రూములో తలలన్నీ నా వైపు తిరిగాయి. చూస్తే చూడనీ అనుకున్నాను. ఆవిడ నెమ్మదిగా, "ఆ తల్లీ కొడుకుల పేజీ ఒక్కసారి ఇలాగే చదువుతారా?" అంది.

బెల్లు మోగింది. క్లాసుకి వెళ్లలేదు. నిలబడి పేజీ మొత్తం చదివాను.

"దిద్దుబాట్లన్నీ కొట్టేయిస్తానండీ," అందావిడ.

సరేనని ఫోన్ పెట్టేసి కూర్చున్నాను. మెడలో కాలేజీ కార్డు వేసుకుని, పదిమంది చదువుకున్నవాళ్ల ముందు, మా అమ్మ మాట్లాడిన మాట నేను మాట్లాడటం అదే మొదటిసారి. నాకప్పటికి నలభై ఆరేళ్లు.