తడిగుడ్డతో తుడిచిన ఉత్తరాలు

అక్కా, తప్పులూ ఈ కోడిగీతల రాతా మన్నించు. నాలుగో తరగతితో ఆగిన చెయ్యి.

పాత నాటకాలవాళ్ళు ఒకరికొకరు రాసుకున్న ఉత్తరాలు మీ మరిదిగారు పోగుచేస్తారని నీకు తెలుసుగా. వాటిలో నాయిక వేషాలు వేసిన ఒకావిడ తన హార్మోనిస్టుకు రాసినవి ఆయనకు ప్రాణం. ఆవిడ ఇప్పుడు లేరు. అమ్మ చేతిరాత చూసుకోవాలని ఆవిడ కూతురు రేపు మా ఇంటికి వస్తున్నారు.

అందుకని ఆయన వాటిని బల్లమీద పరిచి డ్యూటీకి వెళ్ళారు. ఇక్కడ కిటికీ తీస్తే చాలు, పోర్టు బొగ్గుపొడి ఇంట్లోకి వచ్చి పడుతుంది. రోజూ అన్నీ తుడిచినట్టే వాటినీ తడిగుడ్డతో తుడిచేశాను. అక్షరాలన్నీ నీలంగా కరిగిపోయాయి.

"ఓలమ్మో, ఏటి సేసీసినావే!" అంది మా అత్త. "నా కొడుకు పెల్లాం లేకపోయినా ఉంటాడు గానీ, ఆ కాయితాలు లేకపోతే ఉండడే!"

నవ్వించడానికే అంది. నాకు ఏడుపొచ్చింది.

ఆయన తిడితే పడతాను. రేపు ఆ కూతురికి ఏం చూపించను? నువ్వైతే ఏం చెబుతావు? నీ జవాబు ఈలోగా రాదని తెలిసే అడుగుతున్నాను.

చదవగానే దీన్ని పొయ్యిలో పెట్టెయ్యి. ఇదైనా చదవాల్సిన మనిషి చదివాకే పోతుంది.