అమ్మ ఊదిన ఓడ

మా మనవరాలికి ఈమధ్య కొత్త పిచ్చి పట్టుకుంది. ప్లాస్టిక్ ముక్కలు అతికించి చిన్న చిన్న విమానాలూ ఓడలూ తయారుచేసి, ముక్కుకీ మూతికీ మాస్కు తగిలించుకుని, పెన్నులాంటి గన్నుతో వాటిమీద రంగు చల్లుతుంది. అక్రిలిక్ రంగట, వాసనే రాదట. పక్కన గాలి మిషను ఒకటి గుర్రుమంటూ నా మధ్యాహ్నం కునుకు కాస్తా చెడగొడుతుంది. మొన్న నా బీరువాలోని పాత ఓడ దాని కంటపడింది. రంగు వెలిసిపోయింది, ఇటివ్వు అమ్మమ్మా, కొత్తదానిలా చేసిస్తానంది. సరేనని తీసి, ఇవ్వబోయి, ఎందుకో చెయ్యి రాక ఆగిపోయాను.

ఆ ఓడ మా ఇంటికొచ్చేనాటికి నేను హైస్కూల్లో ఉన్నాను. తడ దగ్గర, పులికాట్ సరస్సు ఒడ్డున మా ఊరు. అమ్మకు ఒక్కడే తమ్ముడు, మా మామ, వల వదిలిపెట్టి మద్రాసు పోయి సరుకుల ఓడలో పనికి కుదిరాడు. అప్పటినుంచి వాళ్లమ్మ, మా అవ్వ, మా ఇంట్లోనే ఉండేది. కళ్లకు పొరలు కమ్మి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు పాపం. ఆవిడ ఎరిగినదల్లా మా సరస్సులో తిరిగే పైకప్పులేని పడవే కాబట్టి, మబ్బు పట్టిందంటే చాలు, కంచం పక్కకు నెట్టేసేది. "వానొస్తే నా బిడ్డ యాడ పండుకుంటాడే?" అని అమ్మను అడిగేది. ఓడకు గదులుంటాయని ఎంత చెప్పినా, తన మనసు కుదుటపరచడానికి అల్లిన మాటలనుకునేది. సెలవులో వచ్చినప్పుడు మామ ఇదంతా చూసిపోయి, తర్వాత ఏ రేవులో కొన్నాడో, తోటివాడి చేత ప్లాస్టిక్ ఓడ ముక్కల పెట్టె ఒకటి పంపాడు, అవ్వ తడిమి చూసుకుంటుందని.

ముక్కలు అతికించింది నేనే. గోడలమీద అక్షరాలు రాసే నల్ల ఎనామిల్ తెచ్చి, కుంచెతో దట్టంగా పూసి, ఆరాక గర్వంగా అవ్వ ఒళ్లో పెట్టాను. మా ఊళ్లో పడవ మంచిచెడ్డలు చెక్కమీద చెయ్యి వేసి చూస్తారు. అవ్వ కూడా అలాగే వేళ్లతో తడిమి, కుంచె గీతలు తగలగానే ఉలిక్కిపడింది. "ఇదేందే, ఇంత గరుగ్గా ఉండాది? తుప్పు పట్టిన ఓడ ఎక్కించినారా నా బిడ్డను?" అంది. అంతకుముందు వానరోజుల్లోనే తినని మనిషి, ఆ పూట నుంచి ఎండరోజుల్లోనూ మానేసింది. మందు వికటించడమంటే అదే.

రంగంతా కిరసనాయిలు గుడ్డతో తుడిచేసి, మా డ్రాయింగు మాస్టారి దగ్గర మొరపెట్టుకున్నాను. బొగ్గుతో గీసిన బొమ్మలు చెరిగిపోకుండా వార్నీషు ఊదే రెండు సన్నటి గొట్టాలు ఆయన దగ్గరుంటే, వాటిని నాకిచ్చి ఇంటికి పంపారు. ఒకటి పల్చటి రంగులో నిలబెట్టి, రెండోదాంతో దాని కొసమీదుగా ఊదితే రంగు పైకి లేచి తుంపరగా పడుతుంది. చెప్పినంత సులువు కాదది. నేను ఊదితే రంగు కక్కినట్టు బొట్లుబొట్లుగా పడింది. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి, "ఇట్టా తే. పొయ్యి రాజెయ్యడమే రాదు, ఓడకు రంగేస్తదంట" అని లాక్కుంది.

ఊదుగొట్టంతో తడి సరుగుడు కట్టెలు మండించిన మన తల్లుల ఊపిరి ఎలాంటిదో మన ఈడువాళ్లకు చెప్పక్కర్లేదు. తల పక్కకు తిప్పి నిండుగా గాలి పీల్చుకుని, తొణకకుండా బెణకకుండా సన్నగా ఊదుకుంటూ పోయింది. కళ్లలో నీళ్లు కారుతున్నా ఆపలేదు. ఒక పూత ఆరాక ఇంకో పూత. చివరికి ఆ ఓడ గాజులా నున్నగా తేలింది.

అవ్వ ఈ కొస నుంచి ఆ కొసకు తడిమి, నా బిడ్డ ఉండేది ఇందులో ఎక్కడని అడిగింది. అమ్మ క్షణం తడబడకుండా, పక్కనున్న గుండ్రటి కిటికీల్లో ఒకదాని మీద ఆవిడ వేలు పెట్టింది. "ఇదేమ్మా నీ కొడుకు గది. వానొస్తే ఈ అద్దం మూసేసుకుంటాడు." అవ్వ ఆ రాత్రి అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకుంది.

మళ్లీ సెలవుకొచ్చినప్పుడు మామ ఈ కథ విని, "ఇంజను కింద పండుకునే నాకు కిటికీ యాడిదక్కా?" అని నవ్వబోతే, అమ్మ చూసిన చూపుకు నోరు మూసుకుని అవ్వ పక్కన కూర్చున్నాడు. "అవునుమా, అదే నా కిటికీ" అన్నాడు. అవ్వ పోయేవరకూ రోజూ ఆ కిటికీని నిమురుతూనే ఉంది. అక్కడ నలుపంతా అరిగిపోయి ప్లాస్టిక్ బూడిదరంగు తేలింది.

ఇదంతా చెప్పి, నువ్వు వేరే ఓడ కొనుక్కోవే తల్లీ, దీన్ని వదిలెయ్యి అన్నాను. అది మిషను ఆపేసింది. ఇప్పుడు మీట నొక్కితే మంట వస్తుంది, ఇంకో మీట నొక్కితే గాలి వస్తుంది, మంచిదే, అమ్మలా ఎవరూ పొయ్యి పొగకు దగ్గుకుంటూ బతకక్కర్లేదు. కానీ అమ్మది ఒక్క ఫొటో అయినా మా దగ్గర లేదు. ఆమె ఊపిరి ఎక్కడైనా మిగిలిందంటే ఈ నల్లరంగులోనే. సాయంత్రాలు ఓడను ఒళ్లో పెట్టుకుంటాను. అవ్వ వేలు రంగు అరిగినచోట ఆగేది. నా వేలు రంగు మిగిలినచోట ఆగుతుంది.