అక్కకు కొన్న నెల పాసు

మా ఇంట్లో పిల్లలకు మాటల కంటే ముందు బేరం వస్తుందని చుట్టాలు ఎగతాళి చేసేవారు. అందులో అబద్ధం పెద్దగా లేదు. పినపాక దాటాక, అడవి మొదలయ్యే చోట మాది కిరాణా కొట్టు. నాన్న పోయాక దాన్ని అక్క నడిపింది. ఇల్లరికం వచ్చిన బావ గల్లాపెట్టె ముందు కూర్చునేవాడు కానీ, ఏ సరుకు ఎంత తేవాలో అక్క నోటి నుంచి రావలసిందే.

అక్క నాకంటే పన్నెండేళ్లు పెద్దది. ఆమె నాకు నేర్పిన మొదటి పాఠం: సరుకుల్లో ఉన్నవి రెండే జాతులు, ఆగేవి, ఆగనివి. ఉప్పు ఆగుతుంది. చింతపండు ఆగుతుంది. ఎండ చూపిస్తూ ఉంటే కందిపప్పు ఏడాదైనా ఆగుతుంది. అరటిపండ్లు, టమాటాలు, మణుగూరు నుంచి బస్సు టాపు మీద వచ్చే బ్రెడ్డు ఆగవు.

"ఆగేదాన్ని బస్తాల్లెక్కన కొను, అగ్గువకొస్తది. ఆగనిదాన్ని ఏ పూటకాపూట తెచ్చుకో. ఎంత అగ్గువకిచ్చినా ఆశపడకు" అనేది.

పెళ్లై మణుగూరులో ఇంకో కొట్టుకు కోడలినై వెళ్లినప్పుడు నేను తీసుకెళ్లిన ఆస్తి అదే. ఆ పాఠంతో మా అత్తగారి మెప్పు కూడా సంపాదించాను. అదే పాఠం ఎప్పటికైనా తిరిగి అక్క మీదికే వెళ్తుందని అప్పుడు తెలియదు.

తొంభైల తొలినాళ్లలో అక్కకు రొమ్ములో గడ్డ వచ్చింది. వారపు అంగడికి అడవి ఊళ్ల నుంచి చింతపండు గంపలు దిగే రోజులవి. ఆ సీజను ముగిసేదాకా ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఖమ్మంలో ఆపరేషన్ అయ్యాక డాక్టరు, పట్నం తీసుకుపోయి కరెంటు పెట్టించమన్నాడు. రేడియేషన్‌ను మా వైపు అట్లాగే అంటారు. బావ వస్తే కొట్టు మూతపడుతుంది. అందుకని నన్ను పంపించారు. నన్నే ఎందుకంటే, "అది ఎక్కడికి పోయినా మోసపోదు" అని మా ఇంట్లో నాకున్న పేరు.

దూరపు చుట్టాలది ఒక గది ఉప్పుగూడలో ఖాళీగా ఉంటే దిగాం. ఆ పేరు విని అక్క, "ఉప్పమ్ముకునేటోళ్లకు వేరే ఏ గూడ దొరుకుతదే" అంది. అక్కడి నుంచి దవాఖానాకు పోవాలంటే మధ్యలో బస్సు మారాలి. పోను రెండు, రాను రెండు, రోజుకు మనిషికి నాలుగు టికెట్లు. మొత్తం ఇరవై ఐదు సార్లు కరెంటు పెట్టాలన్నారు, వారానికి ఐదు రోజులు. అయితే డాక్టరు ఒక మాట కలిపాడు: పది అయ్యాక ఒకసారి చూస్తాం, అవసరమైతే దవాఖానాలోనే ఉంచుతాం.

మొదటి రోజు, సోమవారం, నాలుగేసి టికెట్లు కొనేసరికి నా ప్రాణం విలవిల్లాడింది. మంగళవారం పొద్దున అక్కను బస్టాండులో బెంచీ మీద కూర్చోబెట్టి పాసుల కౌంటరు దగ్గరికి వెళ్లాను.

పాసులు రెండు రకాలు. కండక్టరు దగ్గర రోజు పాసు తీసుకుంటే ఆ రోజంతా ఏ బస్సైనా ఎక్కొచ్చు. నెల పాసు కావాలంటే ఫోటో ఇవ్వాలి, కార్డు మీద అతికించి సీలు వేసి ఇస్తారు. నెల పాసు ధర పద్దెనిమిది రోజు పాసులతో సమానం. అంటే పంతొమ్మిదో రోజు నుంచి లాభం.

"రెండు నెల పాసులు తీసుకుంటే ఏమన్న తగ్గుతదా సార్" అని అడిగాను.

కౌంటర్లో ఆయన కళ్లద్దాల పైనుంచి చూశాడు. "కూరగాయల దుకాణం అనుకున్నవా తల్లీ. ఎన్ని కావాలె చెప్పు, ఎనుక లైనుంది."

అక్కడే నిలబడి లెక్క కట్టాను. నేనైతే నెలంతా తిరగక తప్పదు. అక్కను దవాఖానాలో ఉంచుకున్నా టిఫిను గిన్నె పట్టుకుని రోజూ రావాలి. అక్క సంగతి అట్లా కాదు. పది తర్వాత ఏమంటారో తెలియదు. ఆమెకు నెల పాసు కొంటే దండగ కావచ్చు. పక్కనే ఉన్న స్టూడియోలో ఫోటో దిగి, నాకు నెల పాసు తీసుకున్నాను. అక్కకు బస్సులో రోజు పాసు తీసుకున్నాను. ఒక్క రూపాయి కూడా అనవసరంగా పోనివ్వలేదని లోలోపల గర్వపడ్డాను కూడా.

బుధవారం, మూడో కరెంటు అయ్యాక తిరిగి వస్తున్నాం. అక్క కిటికీ పక్కన కూర్చుంది. కండక్టరు నా కార్డు చూసి, అక్క చేతిలోని చీటీ చూసి ముందుకు వెళ్లాడు.

"నీది ఇటియ్యి" అంది అక్క. కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. "నిన్న నన్ను బెంచీ మీద కూసోబెట్టి పోయింది ఈ ఫోటోకేనా?"

"అవ్."

"నీకు నెలది. నాకు రోజుది."

"పది అయినంక చూస్తమన్నడు కదక్కా. మధ్యల నిన్ను దవాఖానాల ఉంచుకుంటే పాసు దండగైతదని."

"ఎన్ని రోజులు తిరిగితే గిట్టుబాటైతది?"

"పద్దెనిమిది."

ఆమె కాసేపు బయటి దుకాణాలు చూసింది. కార్డు నా ఒళ్లో పెట్టింది.

"లెక్క మంచిగనే కట్టినవే. నేను నేర్పిన లెక్కనే గదా. ఆగని సరుకును బస్తాల్లెక్కన ఎవరు కొంటరు."

కోపంగా అన్నా బాగుండేది. కొట్టులో నేను తూకం సరిగ్గా వేసినప్పుడు ఏ గొంతుతో మెచ్చుకునేదో, ఆ గొంతుతోనే అంది. గట్ల కాదక్కా అనబోయి ఆగిపోయాను. అట్లాగే కదా లెక్క కట్టింది.

గురువారం ఆమె చాప మీది నుంచి లేవలేదు. తల దువ్వుకోలేదు. "ఇంటికి పోదాం. నీ పైసలు, నా పానం, రెండూ మిగులుతయ్" అంది. మధ్యలో మానొద్దని దవాఖానాలో గట్టిగా చెప్పారు. బతిమాలాను, కసిరాను, బావ పేరు చెప్పి ఏడ్చాను. గోడకు తిరిగి పడుకుంది. ఒక రోజు కరెంటు తప్పిపోయింది.

సాయంత్రానికి నాకు అర్థమైంది, నేను కస్టమర్ని బతిమాలినట్టు బతిమాలుతున్నానని. ఎదుట ఉన్నది కస్టమర్ కాదు, షావుకారు.

"అక్కా, రేపు నీకు నెల పాసు తీసుకుంటున్న" అన్నాను.

"నాకే పాసూ వద్దు."

"వాపసు తీసుకోరంట. పెట్టిన పైసలు దండగ చేస్తవో గిట్టుబాటు చేస్తవో నీ ఇష్టం."

గోడ వైపు నుంచే అంది: "ఫోటో లేకుండ ఎట్లిస్తరే?"

"అందుకే పొద్దున జల్దీ లెవ్వుమంటున్న."

ఆమె భుజాలు కదిలాయి. నవ్విందని తెలిసింది.

అక్కకు ఫోటోలంటే గిట్టదు. పెళ్లిలో కూడా తల వంచుకునే దిగింది. శుక్రవారం పొద్దున స్టూడియో అతను "కొద్దిగ నవ్వమ్మా" అంటే, "నవ్వితే వేరే రేటా?" అని అడిగింది. అతను నవ్వాడు, ఆమె నవ్వలేదు. అట్లాగే దిగింది, ఎవరో ధర తక్కువ చెప్పినట్టు చూస్తూ. కౌంటర్లో సీలు వేస్తే సగం ఆమె భుజం మీద, సగం కార్డు మీద పడింది.

ఆ రోజు నుంచి అక్క పాసు నుంచి తన పైసలు రాబట్టుకోవడం మొదలుపెట్టింది. శని, ఆదివారాలు కరెంటు ఉండదు. పడుకుని లేస్తే బాగుండునని నా ఆశ. ఆమె తెల్లవారేసరికి చీర మార్చుకుని కూర్చునేది.

"ఎక్కడికక్కా?"

"ఏ బస్సొస్తే ఆ బస్సు. ఆఖరి స్టాపు దాకా పోదాం, ఎన్కకొద్దాం."

పోయేవాళ్లం. ఆడవాళ్ల సీట్లో కిటికీ పక్క కూర్చుని దుకాణాలను తూకం వేసేది. ఈయన బస్తాలు ఎండలో పెట్టిండు, పప్పు పురుగు పడతది. ఈమె కొట్టు ముంగట బురదుంది, లచ్చిమి ఎట్లొస్తది. ఒక ఆదివారం బేగంబజార్‌లో దిగి చింతపండు కుప్ప ముందు నిలబడింది. చిన్న ముక్క నలిపి వాసన చూసి, "ఇది మన దిక్కుదే" అంది. ధర అడిగింది. మేము అంగడిలో గంపలవాళ్లకు ఇచ్చే ధరకు అది ఎన్ని రెట్లో ఇద్దరికీ నోటి లెక్కే. "మనమే మోసగాళ్లమనుకున్నం, మన పైన ఇంకెంతమందున్నరో" అని నవ్వి, నడవలేక అక్కడే మెట్టు మీద కూర్చుంది.

కరెంటు పెట్టిన చోట చర్మం కమిలి నల్లబడింది. తన రవిక బిగుతై వేసుకోలేక, చొక్కాలా వదులుగా ఉండే నా జాకెట్టు వేసుకుని పైట కప్పుకునేది. బస్సు గుంతలో పడినప్పుడల్లా ముందు సీటు కడ్డీని పట్టుకుని కళ్లు మూసుకునేది. "రేపు ఇంట్ల ఉందామక్కా" అంటే, "పాసుంది కదనే" అనేది. మా అక్కలోని షావుకారుతనం చూసి నాకు నవ్వొచ్చేది. నిజం చెప్పాలంటే కొంచెం విసుగు కూడా.

పది కరెంట్లు అయ్యాక డాక్టరు చూసి, సాగించమన్నాడు. ఆ రోజు బస్సెక్కుతూ కండక్టరుకు కార్డు తనంతట తానే ఎత్తి చూపించింది.

పదిహేనో కరెంటు సోమవారం. అక్కను లోపలికి తీసుకెళ్లాక డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. అంతకుముందు తీసిన పరీక్షల కాగితాలు చూపించాడు. కాలేయం దాకా పాకింది. "ఇక కరెంటు పెట్టి లాభం లేదమ్మా. ఇంటికి తీసుకుపో. ఆమెను ఎక్కువ తిప్పకు" అన్నాడు.

తిప్పకు అనే మాట దగ్గర నా చెవులు ఆగిపోయాయి.

అక్క నన్నేమీ అడగలేదు. నా ముఖం చూసింది, అంతే. మర్నాడు పొద్దున స్టేషనుకు ఆటో పిలుస్తానన్నాను. బ్యాగులున్నాయి, ఆమె నిలబడలేకపోతోంది. జీవితంలో మొదటిసారి ఆటోవాడు ఎంతంటే అంత ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.

"ఆటో ఎందుకే. బస్సుల పోదాం."

"అక్కా, ఇయ్యాల ఒక్కరోజు నా మాట ఇను."

"ఇయ్యాల ఒక్కరోజు నువ్వే నా మాట ఇను" అంది.

బస్సులోనే వెళ్లాం. రెండు బ్యాగులు నా కాళ్ల మధ్య, ఆమె తల నా భుజం మీద. కండక్టరు వస్తే కార్డు నేను తీయబోయాను. తానే తీసి చూపించింది.

రైలు కదిలింది. కిటికీలోంచి వచ్చే వేడిగాలికి పైట ముఖం మీద కప్పుకుని పడుకుంది. నిద్రపోయిందనుకున్నాను. నా బుర్ర ఎంత పాడుదో ఇక్కడ చెప్పక తప్పదు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే, ఒకపక్క లోపల లెక్క నడుస్తోంది. మొదట నేను కట్టిన లెక్కే నిజమైంది కదా. నెల మధ్యలోనే వెళ్లిపోతున్నాం కదా. రోజు పాసులే కొని ఉంటే. ఆ ఆలోచన వచ్చినందుకు నా చెంప నేనే కొట్టుకోవాలనిపించింది.

పైట కింది నుంచి అక్క గొంతు వచ్చింది. "కట్టినవా లెక్క?"

"ఏం లెక్కక్కా?"

"నాతోని అబద్ధమాడకు. పాసు లెక్క." పైట తీసి వేళ్లు మడిచింది. "కరెంటుకు పన్నెండు రోజులు. శనివారాలు, ఆదివారాలు కలిపి ఆరు. పద్దెనిమిది. ఇయ్యాల స్టేషనుకొచ్చింది పంతొమ్మిది. ఒక్క రోజు మనకు లాభమే."

నేను కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

"నీ లెక్క తప్పింది చూడు. నెల పాసే అగ్గువ. ఇగ ఆ సంగతి మర్చిపో."

అప్పటికి గాని నాకు తెలియలేదు, ఆ శని ఆదివారాలు ఆమె కడ్డీ పట్టుకుని కళ్లు మూసుకుని తిరిగింది ఎందుకో. నేను నవ్వుకున్న షావుకారుతనం ఎవరి కోసమో. తాను ఆగని సరుకని తేలాక, ఆ లెక్క మొదట కట్టింది నేనే అన్న మాట నాతో మిగలకూడదని. పంతొమ్మిది రోజులు ఒక్కటీ తప్పకుండా తిరిగింది. దాన్ని తప్పు లెక్క చేసేదాకా తిరిగింది.

ఇంటికి వచ్చాక కొట్టు వెనక గదిలో మంచం వేశాం. పడుకుంటే తలుపులోంచి గల్లాపెట్టె, పప్పు డబ్బాలు కనపడతాయి. నేను మణుగూరుకు పోతూ వస్తూ ఉన్నాను. ఒకనాడు వెళ్లేసరికి, "ఇయ్యాల తారీఖెంత?" అని అడిగింది. చెప్పాను.

"అయితే నిన్నటితోని పాసు అయిపోయింది. ఇగ టికెట్ లేకుండ తిరుగుతున్న."

"చెకింగోళ్లు మన దిక్కు రారులే అక్కా."

"వస్తరే. ఆళ్లకు అన్ని రూట్లు తెలుసు."

ఇంకో ఐదు వారాలు అట్లా టికెట్ లేకుండానే ఉంది. పోయింది అంగడి రోజు పొద్దున. సంగతి తెలియక అడవి ఊళ్ల ఆడవాళ్లు గంపలు దించి అరుగు మీద కూర్చున్నారు. తెలిశాక కూడా వాళ్లు లేవలేదు. మధ్యాహ్నం దాకా అట్లాగే కూర్చున్నారు.

గోడకు పెట్టడానికి ఫోటో కావాలన్నాడు బావ. పెళ్లి ఫోటోలో ముఖమే కనపడదు. పాసు మీది ఫోటో తప్ప ఇంకోటి లేదు. మణుగూరులో స్టూడియోకు తీసుకెళ్లి పెద్దది చేయమన్నాను. అతను భూతద్దంతో చూసి, "భుజం మీద సగం సీలు పడ్డదమ్మా. తీసేయొచ్చు, కొంచెం ఎక్కువైతది" అన్నాడు.

ఎంతైతది, ఏమన్న తగ్గిస్తవా అని అలవాటుగా నోటిదాకా వచ్చింది.

"ఉండనియ్" అన్నాను.

"గోడకు పెట్టేదానికి సీలెందుకమ్మా?"

"సీలు లేకుంటే చెల్లదు" అన్నాను.