ఖాదర్‌బాషా కునుకు

ఖాదర్‌బాషా మేస్త్రీ కట్టిన ఇంటికి ఇంజనీరు సర్టిఫికెట్టు అక్కర్లేదు, ఆయన కునుకు చాలు. ఇల్లు అప్పగించే ముందు మిట్టమధ్యాహ్నం తలుపులు మూసి, ఫ్యాను లేకుండా, ఉత్త గచ్చు మీద తుండుగుడ్డ పరుచుకుని పడుకుంటాడు. నిద్ర పట్టిందా, ఇల్లు పాసు. పట్టలేదా, ఏ గోడకు వెంటిలేటరు పెట్టాలో, ఏ వైపు వసారా దించాలో చూసుకుని, సరిచేసి, మళ్లీ పడుకుంటాడు. తిరువూరు ఎండల్లో ముప్ఫయ్యేళ్లుగా ఆయన సంపాదించుకున్న పేరంతా ఈ కునుకుదే.

అలాంటివాడు మామిడితోటల సీతారామారావు చేతికి చిక్కాడు. రావుగారు పోయిన వేసవిలో మనాలీ టూరుకు వెళ్లి, ఐదు రోజులు స్వెట్టరులో గడిపి, ఆ చల్లదనం కొండలది కాదు, అక్కడి ఇళ్లదని నమ్మి తిరిగొచ్చారు. ఫోన్లో రెండు వందల ఫొటోలు, అచ్చం అలాగే కట్టాలని పట్టు. మంచు జారిపోయేందుకు ఏటవాలు కప్పు, వెచ్చదనం పోకుండా పొట్టి గదులు, గోడల్లో థర్మాకోలు, పడమర వైపంతా తెరుచుకోని అద్దాలు, చలి కాచుకోవడానికి హాల్లో ఒక పొయ్యి, దానికో పొగగొట్టం. తిరువూరులో మంచు పడడమే తరువాయి.

"అక్కడోళ్లు లోపలి వేడి బయటికి పోకూడదని కట్టుకున్నారండి. మనకి పోవాల్సింది అదే కదండీ" అన్నాడు ఖాదర్‌బాషా.

వెంటిలేటర్లు ధాన్యం గోడౌనుకు పెట్టుకోమన్నారు రావుగారు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, ఇల్లు కట్టేచోట కట్టించేవాడికి కట్టేవాడే లోకువ.

ఇల్లు పూర్తయిన రోజు మేస్త్రీ యథాప్రకారం తుండుగుడ్డ పరిచాడు. పావుగంటలో తుండు తడిసింది గానీ కన్ను మూతపడలేదు. లేచి, పెరట్లో సిమెంటు బస్తాల కోసం తాను వేసుకున్న తాటాకు పాకలోకి వెళ్లి, ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. లేచాక ఇల్లు ఫెయిలని రావుగారికి చెప్పాడు. కొత్త గోడల వేడి, నాలుగు రోజుల్లో చల్లారుతుందని ఆయన కొట్టిపారేశారు.

వైశాఖంలో గృహప్రవేశం అయింది. ఇల్లు చల్లారలేదు. ఏసీలు వేస్తే కరెంటు నిలవలేదు. మనాలీలో చల్లగా ఉన్న ఇల్లు ఇక్కడ ఉడుకుతోందంటే లోపం మేస్త్రీ పనితనంలోనే ఉందని రావుగారు తేల్చారు. ఆ మాట బస్టాండు దాకా పాకింది. రావుగారి బావమరిది సురేష్ బాబు పెనుగొలనులో సోమవారం మొదలుపెట్టాల్సిన ఇంటి పనిని చూద్దాంలే అని పక్కన పెట్టాడు. ముప్ఫయ్యేళ్ల పేరు వారంలో పోయిందని ఖాదర్‌బాషాకు అన్నం సయించలేదు.

పని ముగిశాక పాక వాసాలు మేస్త్రీవే, అది రివాజు. కనీసం అవైనా తెచ్చుకుందామని ఓ మధ్యాహ్నం గడ్డపార పట్టుకుని వెళ్లాడు. చూస్తే పాకలో నులకమంచం, మిక్సీ, దేవుడి పటం! రావుగారి భార్య రావమ్మగారు కింద కూర్చుని ఆవకాయ ముక్కలు తుడుస్తున్నారు. ఇంటి యజమాని మాత్రం పరువు కోసం అద్దాల హాల్లోనే, తడిసిన బనీనుతో, ఆ పొయ్యికి ఎదురుగా కూర్చుని ఉన్నారు.

ఆ రోజే కొత్త ఇల్లు చూడడానికి వచ్చిన సురేష్ బాబు, రావుగారు ఇల్లంతా తిప్పి చూపిస్తే చూసి, చెమటలు కక్కుతూ బయటపడ్డాడు. పాకలో దూరి మంచం మీద వాలాడు. మజ్జిగ తాగి, గుమ్మంలో నిలబడ్డ మేస్త్రీని ఓరగా చూశాడు.

"నిజం చెప్పక్కా. తప్పు ఇతనిదేనా?"

రావమ్మగారు ముక్క తుడవడం ఆపలేదు. "ఆ ఇల్లు మీ బావ కట్టార్రా. బాషా కట్టింది ఈ పాక."

సురేష్ బాబు అప్పటికే గురక పెడుతున్నాడు.

ఖాదర్‌బాషా గడ్డపారను చప్పుడు కాకుండా కింద పెట్టాడు.